మజ్జిగ వాసన రాని పరుపు

"సాయంత్రం అయిదు వరకే ఓబులేసన్నా. అయిదు దాటితే ఆ పాపను నేను తీసకపోవాల్సిందే. పైనుంచి ఒత్తిడి శానా ఉండాది."

సీఐ గురమ్మ ఫోను పెట్టేసింది. ఓబులేసు గడియారం చూశాడు. ఉదయం ఎనిమిదీ పది.

ఇరవై తొమ్మిదేళ్లు ఫైర్ స్టేషన్లో పనిచేసి, రిటైరయ్యాక ప్రొద్దుటూరులో డిటెక్టివ్ అని చిన్న బోర్డు పెట్టుకున్న మనిషి ఓబులేసు. మంటల కేసులు తప్ప ఇంకేవీ తీసుకోడు. ఇప్పుడు అతను కూర్చున్నది పులివెందుల శివార్లలోని ఒక రేకుల షెడ్డులో. ఎదురుగా స్టూలు మీద జువేరియా, దూది పరుపుకు మంట అంటకుండా మందు కనిపెట్టిన పిల్ల. రాత్రంతా ఏడ్చిన కళ్లు. అయినా అతను లోపలికి రాగానే ఫ్యాను అతనివైపు తిప్పింది. ఆ చిన్న పని అతను గమనించాడు.

"నిన్న ప్రొద్దుటూరులో జరిగింది మళ్లీ మొదట్నుంచి చెప్పమ్మా. టైముతో సహా."

"పదకొండూ నాలుగుకు ఆఫీసర్ల ముందర పరుపుకు మంట పెట్టినారు మామా. పది సెకన్లలో ఆరిపోవాల. ఎక్కువంటే పన్నెండు."

"ఆరలేదు."

"నలభై సెకన్లకు పరుపంతా అంటుకునింది. మా అమ్మ తమ్ముడు కరీముల్లా తడి గోనెపట్ట తీసుకుని పైన పడినాడు. రెండు చేతులూ కాలిపోయినాయి. ఆస్పత్రిలో ఉండాడు."

"ఇంతకుముందు ఎన్నిసార్లు పరీక్ష చేసినావు?"

"మూడు వందల పదిహేడు సార్లు. కడపటి నలభై సార్లలో ఒక్కసారి కూడా తప్పలేదు."

"ఆ మందులో ఏముండాదో చెప్పు. చదువుకున్నోళ్లకు చెప్పినట్ల కాదు, మా ఫైరోళ్లకు చెప్పినట్ల."

జువేరియా లేచి మూడు బకెట్లు ముందుకు జరిపింది. మొదటిదాంట్లో అరటి బోదె పిండిన నీళ్లు. గెల కోశాక రైతులు గట్టు మీద పారేసే బోదెలే అవి. రెండోదాంట్లో తవుడు నానబెట్టి తీసిన సారం. మూడోదాంట్లో మజ్జిగ విరగ్గొట్టి, నీరు వార్చి తీసిన విరుగుడు.

"ఈ మూడూ కలిపిన నీళ్లలో దూది నానబెట్టి ఆరబెడతా. మంట తగిలితే దూది పైన నల్లగా పొర కడతాది మామా. ఆ పొర లోపలికి గాలి పోనీదు. మంటకు తిండి దొరక్క చచ్చిపోతాది."

"బజార్లో మంటలాపే పొడులు దొరుకుతాయి గదా?"

"దొరుకుతాయి. వాటిలో కొన్ని ఒంట్లోకి పోతే మంచిది కాదు. పరుపంటే పసిపిల్లోళ్లు నోరు పెట్టి చప్పరించేది. అందుకే తినేవాటితోనే చేయాలనుకున్నా."

ఆమె ఒక చెంచాడు మందు ముంచుకుని తాగేసింది. ఓబులేసు చెయ్యి చాచాడు. ఉప్పగా, వగరుగా, చివర్లో పుల్లగా తగిలింది నాలుకకు. ఏళ్ల తరబడి మంటలతో కొట్లాడిన మనిషికి మంటను ఆపే వస్తువు రుచి మొదటిసారి తెలిసింది.

"లోపాలేమన్నా ఉండాయా?"

"రెండు. తిండి పదార్థం గాబట్టి చీమలు పడతాయి. ఒక్క రాత్రి యాడ పెట్టినా తెల్లారేసరికి చీమలబారు వచ్చిచేరతాది. రెండోది, నీళ్లు తగిలితే మందు పోతాది. ఆ రెండూ మొదటి పేజీలోనే రాసిచ్చినా ఆఫీసర్లకు."

ఓబులేసు ఆమె నోటుపుస్తకం తెరిచి చూశాడు. నిజమే. పైన ఎర్రసిరాతో లోపాలు, వాటి కింద గుణాలు. తన వస్తువులోని లోపాన్ని మొదటి పేజీలో రాసుకునే మనిషిని అతను ఇంతవరకూ చూడలేదు. ఇలాంటి మనిషి అబద్ధం చెప్పదని మనసులో ఒక గీత గీసుకున్నాడు.

"పరుపులెవరు కుట్టినారు?"

"మా అమ్మ ఖాతూన్‌బీ. జమ్మలమడుగులో. దూది, పైగుడ్డ రెండూ ఈడ మందులో ముంచి, ఆరబెట్టి పంపినా. అమ్మ పది పరుపులు కుట్టింది. తొమ్మిది పోయిన బుధవారం ఈడ ఆడపిల్లల హాస్టల్‌కు చేరినాయి. పదోది పరీక్షకు. ఆదివారం సాయంత్రం కరీముల్లా మామ ప్రొద్దుటూరు తీసకపోయినాడు."

"పరుపులే ఎందుకు ఎంచుకున్నావు?"

"మేము దూదేకులోళ్లం మామా. నాకు ఆరేళ్లప్పుడు దూది ఏకే మిషన్లో మేకు పడి నిప్పు లేచింది. అమ్మ నన్ను ఎత్తి బయటికి విసిరేసి, తను దూదిలో చిక్కుకుపోయింది. కుడిచేతి వేళ్లు మూడు అతుక్కుపోయినాయి. ఆ చేత్తోనే కుట్టి నన్ను చదివించింది."

ఓబులేసు లేచాడు. "నడువమ్మా, ప్రొద్దుటూరు పోదాం. ఇంక ఎనిమిది గంటలే ఉండాది మనకు."

*

పదీ ముప్పై అయిదు. ప్రొద్దుటూరులో పరీక్ష జరిగిన హాలు.

నేల మీద కాలిన పరుపు అలాగే ఉంది. దాని పక్కన తెల్లచొక్కా, మెరిసే బూట్ల మనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పేరు కార్తీక్. విజయవాడ మనిషి. బెంగుళూరులోని ఒక ఫోము పరుపుల కంపెనీ తరఫున మంటల కేసులు చూస్తాడు. ఇంతకుముందు రెండు కేసుల్లో ఓబులేసుకు ఎదురునిలిచాడు. ఒకటి గెలిచాడు కూడా.

"రండి రండి, ఓబులేసు గారూ! మజ్జిగతో మంటలార్పుతారట గదా మీ సీమలో. రేపు ఉగాది పచ్చడితో రోడ్లు కూడా వేస్తారేమో."

"మాకు నీళ్లు తక్కువ నాయనా. నీళ్లు లేకుండా మంటనార్పేది మేము గాక ఇంకెవరు నేర్చుకుంటారు?"

ఓబులేసు మోకాళ్ల మీద కూర్చుని బూడిదను వేళ్లతో నలిపాడు. పొడిగా, తెల్లగా, పిండిలా రాలింది. జేబులోంచి జువేరియా ఇచ్చిన మందు దూది తీసి అగ్గిపుల్ల చూపించాడు. మంట ఎగిరింది. నాలుగు, అయిదు, ఆరు. ఆరిపోయింది. దూది నల్లబడింది గాని ఆకారం చెదరలేదు. చేత్తో ఒత్తితే లోపల ఇంకా తెల్లగా, మెత్తగా ఉంది.

అతను దానివైపు కాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఇలాంటి దూది ముప్పై ఏళ్ల కిందట వచ్చి ఉంటే తను మోసుకుని బయటికి తెచ్చినవాళ్లలో ఎంతమంది నడిచి వచ్చేవాళ్లో.

"మందు దూది కాలితే నల్లటి బొగ్గు మిగలాల. ఈడ తెల్లబూడిద ఉండాది. కాలింది మందు దూది కాదు."

"లేదా మందు పనిచేయలేదు," అన్నాడు కార్తీక్. "రెండోది సులువైన జవాబు."

ఓబులేసు గోనెపట్ట ఎత్తాడు. దాని కింద గాలాడక ఒక మూల కాలకుండా మిగిలింది. వంగి వాసన చూశాడు. పాత దూది వాసన. పులుపు లేదు.

"మజ్జిగ వాసన లేదు."

"తడి పట్ట పడింది గదండీ. కడుక్కుపోయి ఉంటుంది. మీ అమ్మాయే రాసుకుంది గదా, నీళ్లు తగిలితే పోతుందని." కార్తీక్ నవ్వాడు. "ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోండి గురువుగారూ."

ఓబులేసు లేచి వాచ్‌మన్ నారాయణ కోసం చూశాడు. నారాయణ అప్పటికే రెండు గ్లాసుల టీతో వస్తున్నాడు. ఎవరూ అడక్కుండానే. ఒక గ్లాసు జువేరియాకు ఇచ్చి, "తాగు పాపా, రాత్రి నుంచి ఏం తినుండవు" అన్నాడు.

"పరుపు ఎన్ని గంటలకు వచ్చింది నారాయణప్పా?"

"ఆదివారం సాయంత్రం ఆరూ పదికి సార్. ఆ స్టోరు రూములో పెట్టి ఆఫీసరు సీలేసినాడు. నిన్న పదిన్నరకు నా ముందరే తీసినాడు. సీలు చెక్కుచెదరలేదు."

ఓబులేసు స్టోరు రూము తలుపు తీశాడు. గోడ పగులు నుంచి కిటికీ దాకా నల్లచీమల బారు.

"ఈ చీమలు ఎప్పట్నుంచి?"

"ఎప్పుడూ ఉంటాయి. బిస్కెట్ ప్యాకెట్టు పెడితే గంటలో ఖాళీ."

"పరుపును బయటికి మోసిందెవరు?"

"నేనే. భుజాన వేసుకుని మోసినా."

"ఒక్క చీమన్నా కుట్టిందా?"

నారాయణ ఆలోచించి, తల అడ్డంగా ఊపాడు. "లేదు సార్. ఒక్కటి గూడా."

ఓబులేసు కార్తీక్ వైపు తిరిగాడు. "తడి పట్ట పడింది నిన్న పదకొండు గంటలకు. చీమలు రాకుండింది ఆదివారం రాత్రి. పదహారు గంటలు ఈ చీమల మధ్యలో ఉన్న పరుపులో అప్పటికే మందు లేదు. మరి దానికేం చెప్తావు?"

కార్తీక్ ముఖంలో నవ్వు కొంచెం తగ్గింది. అయినా మనిషి తొందరపడలేదు. వంగి, మిగిలిన మూలలో పరుపును బిగించిన దారపు ముడి చూపించాడు.

"సరే, మందు ముందే లేదు. అలాగైతే పరుపును మార్చారనుకుందామా? ఈ ముడి చూడండి. అన్ని ముళ్లూ కుడివైపు తిరిగితే ఇది ఎడమవైపు తిరిగింది. జువేరియా గారూ, ఇది ఎవరి ముడి?"

"అమ్మది. కుడిచెయ్యి వంగదు గాబట్టి ఎడమకు తిప్పి వేస్తాది. ఆ ముడి ఇంకెవరికీ రాదు."

"విన్నారుగా. పరుపు కుట్టింది వాళ్లమ్మ. తెచ్చింది వాళ్ల మామయ్య. సీలు పడ్డాక ఎవరూ ముట్టలేదు. తప్పు మీ వాళ్లింట్లోనే జరిగింది ఓబులేసు గారూ. అయిదు దాకా ఎందుకు, నేనిప్పుడే జమ్మలమడుగు వెళ్లి సీఐ గారికి చెబుతాను." గడియారం చూసుకుని బయటికి నడిచాడు.

తను విప్పిన చిక్కుముడిని కార్తీక్ మళ్లీ బిగించిపోయాడు. ఓబులేసుకు మనసులో మెచ్చుకోక తప్పలేదు.

"మామా," అంది జువేరియా, "అమ్మ అట్ల చేయదు."

"చేయదనే నేనూ అనుకుంటాండా. పోయేముందు ఒకసారి కరీముల్లాను చూసి పోదాం."

*

మధ్యాహ్నం మూడు కావస్తుండగా జమ్మలమడుగు చేరారు.

ప్రొద్దుటూరు ఆస్పత్రిలో కట్లు మార్చేదాకా ఆగాల్సి వచ్చింది. అక్కడ కరీముల్లా చెప్పింది ఒకటే మాట: దారిలో ఆటో ఎక్కడా ఆపలేదు. అతను అబద్ధం చెప్పడం లేదని కట్లు కట్టిన ఆ చేతులే చెప్పాయి.

ఖాతూన్‌బీ ఇంటి సందులో సీఐ గురమ్మ జీపు, దాని వెనక గోడనీడన కార్తీక్ తెల్లకారు ఉన్నాయి. కారు పన్నెండున్నర నుంచి అక్కడే ఉందని పక్కింటామె చెప్పింది. లోపల గురమ్మ ఎదురుగా చాప మీద ఖాతూన్‌బీ కూర్చుంది. యాభై అయిదేళ్ల సన్నటి మనిషి. ఒళ్లో కుడిచెయ్యి ఎండిన కొమ్మలా ఉంది. కార్తీక్ గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు.

"గంటన్నరగా అడుగుతాండా ఓబులేసన్నా, నోరు తెరవదు," అంది గురమ్మ. ఆమె చెయ్యి మాత్రం మంచినీళ్ల చెంబును ఖాతూన్‌బీ వైపు జరుపుతూనే ఉంది.

ఓబులేసు చాప మీద కూర్చున్నాడు. మంచం కోళ్ల కింద నీళ్లు పోసిన గిన్నెలు కనిపించాయి. చీమలు ఎక్కకుండా. గోడ పొడుగునా చీమలబారు వాకిట్లోకి పోతోంది.

"ఖాతూనక్కా, ఇరవై ఏళ్ల కిందట మా ఇంటికి నీ చేత ఒక పరుపు కుట్టించింది నా భార్య. ఆమె లేదిప్పుడు. పరుపు మాత్రం ఇంకా గడ్డకట్టలేదు. ముడి ఎడమవైపు ఎందుకుండాదో నాకు ఈ పొద్దు తెలిసింది."

ఖాతూన్‌బీ తలెత్తి చూసింది.

"నువ్వు బిడ్డకు చెరుపు చేయవని నాకు తెలుసు. కానీ ఆదివారం ఈ ఇంట్లో ఏదో జరిగింది. అది నీ తప్పని నువ్వు అనుకుంటాండావు. నువ్వు నోరు తెరవకపోతే అయిదు గంటలకు నీ బిడ్డ పోతాది. చెప్పు."

"నేనే అప్పా," అంది ఆమె. "నేనే నీళ్లల్లో వేసినా."

"ఏం వేసినావు?"

"పరుపు పైగుడ్డ. పుల్లటి వాసన వస్తాండె. పెద్దపెద్ద ఆఫీసర్ల ముందర పెట్టేది, వాసనొస్తే నా బిడ్డను నవ్వరా? ఎట్లయినా కొత్త గుడ్డ. కొత్త గుడ్డ మీద మనిషి పండుకునేముందు ఒక నీళ్లు చూపించాల. మా అమ్మ అట్లే చేసె, మా అత్త అట్లే చేసె. తొమ్మిది పరుపులకు టైము లేకపాయె. ఈ ఒక్కటన్నా శుభ్రంగా ఉండనీ అనుకున్నా. మందంతా దూదిలోనే ఉంటాదనుకున్నా గాని గుడ్డలో గూడా ఉంటాదని..."

జువేరియా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. తర్వాత చేతులు తీసి తల్లి పక్కన వచ్చి కూర్చుంది. "అమ్మా, ఏడవద్దు. తడపగూడదని చెప్పినా గాని ఎందుకో చెప్పలేదు. అది నా తప్పు."

"అయితే కేసు ముగిసినట్టే," అన్నాడు కార్తీక్. "సీఐ గారూ, పొరపాటైనా నేరం నేరమే."

"ముగియలేదు," అన్నాడు ఓబులేసు. "గుడ్డ మందు పోయింటే పైగుడ్డ కాలాల. లోపలి దూది నల్లబడి మంట ఆగిపోవాల. నిన్న లోపలి దూదే తెల్లబూడిదైంది. అక్కా, గుడ్డ తడిపితే దూది యాడ పెట్టినావు?"

"మిద్దె మీద దుప్పటి పరిచి ఎండకు పోసినా. గుడ్డ ఆరేదాకా."

"ఎన్ని గంటలకు?"

"పన్నెండుకు పోసినా. మూడున్నరకు మళ్లీ నింపి కుట్టినా."

"మధ్యలో నువ్వు కిందికి దిగినావా?"

"ఒకటీ పావుకు. నమాజుకు. అర్ధగంట."

"ఆ అర్ధగంటలో మిద్దె మీద ఎవరుండిరి?"

ఖాతూన్‌బీ నుదురు ముడిపడింది. "ఒకాయన వచ్చిండె. దూది మూట తెచ్చిండె, పాత పరుపు ఏకి మళ్లీ కుట్టియ్యాల అని. మా దగ్గరికి అందరూ అట్లే వాళ్ల దూది వాళ్లు తెచ్చుకుంటారు గదప్పా. నమాజు చేసుకొనొస్తా, కూర్చో అన్నా. వచ్చేసరికి, ఈ వారం కుదరదులే, మళ్లొస్తా అని మూట ఎత్తుకొని పోయినాడు."

"మూటతో వచ్చినాడు," అన్నాడు ఓబులేసు మెల్లగా. "మూటతో పోయినాడు. పరుపులోళ్ల ఇంటినుంచి దూదిమూట మోసుకొనిపోయే మనిషిని ఈ ఊర్లో ఎవరూ నిలబెట్టి అడగరు. కానీ అక్కా, మందు దూది బిరుసుగా ఉంటాది. తిరిగి నింపేటప్పుడు నీకు తేడా తెలియలేదా?"

ఖాతూన్‌బీ కుడిచెయ్యి ఎత్తి చూపించింది. "దీనికి ఏమీ తెలియదప్పా. నిప్పు పట్టుకున్నా తెలియదు. నేను వాసనతోనే గుర్తుపడతా. వాసన లేకపోతే, ఎండకు పోయిందిలే అనుకున్నా."

"మనిషి ఎట్లుండె?"

"నలభై ఉంటాయి. కుడిచెవికి తెల్లరాయి పోగు ఉండె."

"అద్భుతం," కార్తీక్ చప్పట్లు కొట్టాడు. "పేరు లేదు, ఊరు లేదు, ఒక చెవిపోగు. కూతుర్ని కాపాడుకోవడానికి తల్లి కథ అల్లుతోంది. ఆ దూది ఎక్కడుందో చూపించండి, నమ్ముతాను." మళ్లీ గడియారం చూశాడు. మూడూ ఇరవై అయిదు.

అయిదు గంటలకు అరెస్టు చేసేది గురమ్మ. కార్తీక్‌కు గడియారంతో ఏం పని? ఓబులేసుకు ఆ ప్రశ్న ముల్లులా గుచ్చుకుంది. జవాబు వెతుక్కుంటూ కిందికి చూశాడు. గోడ పొడుగునా చీమలబారు. ఇంట్లోకి వచ్చే చీమలు తక్కువ. బయటికి పోయేవి ఎక్కువ.

లోపల మందు పరుపులు అయిపోయి రెండు రోజులు. మరి ఈ చీమలు ఎక్కడికి పోతున్నాయి?

అతను లేచి ఆ బారు వెంట నడిచాడు. గడప దాటాడు. సందు దాటాడు. గురమ్మ, జువేరియా వెనకే వచ్చారు. చీమలబారు గురమ్మ జీపును పట్టించుకోకుండా పోయింది. తెల్లకారు వెనకచక్రం ఎక్కింది. చక్రం మీంచి బంపరు మీదికి, బంపరు మీంచి డిక్కీ సందులోకి దూరింది. వెళ్లే చీమలు ఖాళీగా, తిరిగి వచ్చే చీమలు నోట్లో తెల్లటి నలుసులతో.

"మూడు గంటలు ఒకేచోట నీడలో పెట్టినావు నాయనా," అన్నాడు ఓబులేసు. "అదీ, ఈ మందు రుచి నెలరోజులుగా మరిగిన చీమల పక్కన."

"అందులో మిఠాయి ఉంది," అన్నాడు కార్తీక్. "వారంటు లేకుండా..."

"తాళం ఇయ్యి," అంది గురమ్మ.

"మేడం, మా కంపెనీ..."

"తాళం ఇస్తావా, రాయి తెచ్చుకోమంటావా?"

డిక్కీ తెరుచుకుంది. పుల్లటి మజ్జిగ వాసన గుప్పుమంది. దుప్పట్లో కట్టిన దూదిమూటలు, నల్లగా కదులుతున్న చీమలు. ఓబులేసు పిడికెడు దూది తీసి ఖాతూన్‌బీ చేతిలో పెట్టాడు. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"నా బిడ్డదే," అంది.

గురమ్మ అగ్గిపెట్టె తీసింది. ఖాతూన్‌బీ దూదిని తన కాలిన చేత్తోనే పట్టుకుంది. ఎవరు వద్దన్నా వినలేదు. మంట లేచింది. ఏడో సెకనుకు మంట తనంతట తనే వాలి ఆరిపోయింది. నల్లటి ముద్ద ఆమె అరచేతిలో చెక్కుచెదరకుండా నిలిచింది. ఎప్పుడో తనను కాల్చిన నిప్పు తన బిడ్డ చేసిన దూది ముందు తల వంచడం ఆమె కళ్లారా చూసింది. గురమ్మ టోపీ తీసి చంకలో పెట్టుకుంది.

"అరెస్టు సంగతి మర్చిపో పాపా," అంది జువేరియాతో. "ఎవరిని తీసకపోవాల్నో నాకు తెలిసింది."

ఓబులేసు మాత్రం డిక్కీలోకే చూస్తున్నాడు.

"జువేరియా, ఒక్క పరుపుకు ఎంత దూది పడతాది?"

"పది కిలోలు మామా. ఒక మూట."

"ఈడ రెండు మూటలుండాయి."

రెండో మూట ఇంకో పరుపులోదని జువేరియాకు తట్టింది. తొమ్మిది పరుపులు. హాస్టల్.

అప్పటికే ఆమె వేళ్లు వార్డెన్ ఐశ్వర్య నంబరు నొక్కాయి. ఓబులేసు ఫోను అందుకుని స్పీకరు పెట్టాడు.

"ఐశ్వర్యా, నేను డిటెక్టివ్ ఓబులేసును. ఆ కొత్త పరుపులకు చీమలు పడతాండాయా?"

"అయ్యో, పడకేం సార్! ఒక్క పరుపుకు మాత్రం పట్టవు. దానికోసం పిల్లోళ్లు రోజూ కొట్లాట. మొన్న శుక్రవారం జువేరియక్క పంపిందని ఒకాయన వచ్చి, కుట్టు ఊడిందని తీసకపోయి మళ్లీ తెచ్చిచ్చినాడే, అది."

"ఆ మనిషి చెవికి పోగు ఉండాదా?"

"తెల్లరాయిది. ఇప్పుడు గూడా ఈడనే ఉండాడు సార్. ఇస్త్రీపెట్టె ప్లగ్గులో వైరు బాగుచేస్తానని వచ్చినాడు. ఆ మంచం పక్కనే."

మూడూ ముప్పై ఎనిమిది. ఓబులేసు కార్తీక్ గడియారం వైపు చూశాడు. ఒక పరుపు పరీక్షలో కాలింది. ఇంకొకటి హాస్టల్లో కాలితే ఈ దేశంలో ఆ మందును ఎవరూ మళ్లీ ముట్టరు.

"ఆ టైంలో అక్కడెవరూ ఉండరు," అన్నాడు కార్తీక్. "అందరూ బడిలో ఉంటారు. ఎవరికీ ఏమీ కాదని..."

"ఐశ్వర్యా, ఆ పరుపు మీద ఎవరన్నా ఉండారా?"

"చందన ఉండాది సార్, అయిదో తరగతి. జ్వరం. పాపను చీమలు కుట్టగూడదని ఆ పరుపే ఇచ్చినాం."

కార్తీక్ గోడకు చేరగిలబడ్డాడు.

"పాపను ఎత్తుకో! ఇప్పుడే, పరిగెత్తు!"

చెప్పుల చప్పుడు. తలుపు చప్పుడు. తర్వాత ఐశ్వర్య కేక. "సార్, మంట! ప్లగ్గు కాడ్నుంచి పరుపుకు... పాప గోడవైపు ఉండాది, నాకు అందడంలే!"

జువేరియా ఫోను లాక్కుంది. గొంతు వణకలేదు. "అక్కా, పక్క మంచం పరుపు లాగు. చీమలుండేది. దాన్ని మంట మీద వెయ్యి. భయపడొద్దు, అది అంటుకోదు. దాని మీంచి పోయి పాపను ఎత్తుకో."

ఈడ్చిన చప్పుడు. దగ్గు. గురమ్మ ఇంకో ఫోన్లో పులివెందుల స్టేషన్‌కు అరుస్తోంది. ఓబులేసు గడియారం చూస్తున్నాడు. నాలుగు. అయిదు. ఖాతూన్‌బీ పెదవులు కదులుతున్నాయి. ఎనిమిది. తొమ్మిది. పది.

పదకొండో సెకనుకు ఫోన్లో చిన్నపిల్ల ఏడుపు వినిపించింది.

"ఆరింది," అంది ఐశ్వర్య, ఊపిరి అందక. "ఆరిపోయిందక్కా! పైన నల్లగయింది, అంతే. పాప నా చంకలో ఉండాది." ఒక్క క్షణం ఆగింది. "అక్కా, వాడు బయటినుంచి గొళ్లెం పెట్టినాడు. వరండాలో కిరసనాయిలు వాసన వస్తాంది."

జువేరియా ఒక్కసారి తల్లి చేతిలోని నల్లటి దూదిముద్ద వైపు చూసింది.

"స్టేషనోళ్లు పది నిమిషాల్లో వస్తారక్కా," అంది. "ఆ గదిలో మంచి పరుపులు ఇంకా ఏడుండాయి. ఒక్కొక్కటే తెచ్చి తలుపుకు అడ్డంగా నిలబెట్టు. వాడు ఎంత కాల్చుకుంటాడో కాల్చుకోనీ."